తవిటమ్మ కోసం మండలానికి గోనె కప్పిన కథ

రండి రండి, దగ్గరికి జరగండి. ఓలె సూరమ్మా, నీ కోడలి ఊసు కథయ్యాక సెప్పుకుందువుగాని, ఇలా కూకో. ఎవుల్రా అక్కడ సెరుకు నముల్తన్నాడు? కథ మజ్జలో పిప్పి ఉమ్మడానికి లెగిస్తే నాను మళ్లీ మొదలెట్టను. నమ్మేవోళ్లు నమ్మండి, నమ్మనోళ్లు మానీయండి, సెవులు మాత్రం ఇటు పెట్టండి. ఆఁ, అలగ!

కందివలస అని ఒక ఊరు. ఆ ఊరి బడిలో నూకరత్నం అని ఒక టీచరమ్మ. మనిషి పొట్టి, గొంతు పొడుగు. ఆవిడ ఇక్కడ ‘క’ అంటే పక్క ఊళ్లో కాకులు లేచేవి. చదవలేని పిల్లలకి ఆవిడకి తెలిసిన వైద్యం ఒక్కటే. మధ్యాహ్నం అన్నాలయ్యాక, గిన్నెలు కడుగుతున్న చప్పుడులో, ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకునేది. ఎక్కడ ఆగుతోందో వినేది. ఆగిన చోట వేలు పెట్టి తానూ ఆగేది. అలా ఏటా తరగతి మొత్తం గట్టెక్కేది. ఆ ఏడు గట్టెక్కనిది ఒక్క తవిటమ్మ.

తవిటమ్మంటే మొహమంతా కళ్లే. ముందు పుట్టినవాళ్లు దక్కలేదని, పుట్టగానే పక్కింటివాళ్లకిచ్చి, తవుడు పోసి కొని తెచ్చుకున్న పిల్ల, అందుకే ఆ పేరు. అమ్మానాన్నలతో ఇటుకబట్టీల్లో తిరిగి తిరిగి బడికి ఆలస్యంగా వచ్చింది. అక్షరం విడిగా కనిపిస్తే పలకరిస్తుంది, గుణింతం తగిలితే తడబడుతుంది, ఒత్తు తగిలిందా, ఎద్దు వాగు దగ్గర ఆగినట్టు ఆగిపోతుంది.

ఇప్పుడు అమ్మానాన్నలు పూసపాడు బట్టీలో ఉన్నారు. అక్కడే తవిటమ్మకి తమ్ముడు పుట్టాడు. చూసొద్దామని మామ్మ సన్నాసమ్మ కాయపు ఉండలు మూటగట్టి, మనవరాలితో బస్టాండుకి వెళ్లింది. బోర్డు చదవడం ఇద్దరికీ రాదు. అక్కడ తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన్ని అడిగారు. ఆయనకీ రాదు. రాదని చెప్పడానికి సిగ్గేసి, ఎదురుగా ఉన్న బస్సు చూపించాడు. ఆ బస్సు వాళ్లని తీసుకెళ్లి గోనెసంచుల మిల్లు గేటు ముందు దింపింది. బాలింతకని తెచ్చిన కాయం ఇద్దరూ తినేసి, మిల్లు కొళాయిలో నీళ్లు తాగి, ఇంటికొచ్చారు.

ఆ రోజునుంచి సన్నాసమ్మది ఒకటే మాట. “ఇంకెవుడి నోటి మాటా నాను నమ్మను టీచరమ్మా. కండక్టరు సెప్పినా ఇనను. నా మనవరాలు బోర్డు సదివి సెప్తేనే బస్సెక్కుతాను.”

“అయితే చదువుతాది,” అంది నూకరత్నం. “ఏమే తవిటీ, నీ తమ్ముడికి పళ్లొచ్చీలోపు నువ్వే బోర్డు చదివి మామ్మని బస్సెక్కిస్తావు. నాది పూచీ.”

పూచీ పడ్డాక నూకరత్నానికి నిద్రలో కూడా పసిపిల్లల చిగుళ్లే కనిపించేవి.

సరిగ్గా అప్పుడే పైనుంచి ఉత్తర్వు దిగింది. చదవలేని పిల్లల్ని కనిపెట్టి, కొలిచి, సాయం చెయ్యడమెలాగో మండలంలోని టీచర్లందరికీ నేర్పుతారట. రాయిపాలెంలో పెద్ద షామియానా వేశారు. శిక్షణాధికారి విరూపాక్షరావుగారు వచ్చారు. ఆయన మాట్లాడితే అచ్చు వేసిన కాగితం మాట్లాడినట్టే ఉండేది.

“ఉపాధ్యాయ మిత్రులారా! మందగమన పాఠకులను, సంక్షిప్తముగా మం.పా.లను, శాస్త్రీయముగా మాపనము చేసి తదుపరి తగు సహాయము నందించుట ఈ శిక్షణ యొక్క పరమోద్దేశము. మొదటి విడత మాపనము. రెండవ విడత సహాయము.”

నూకరత్నం లేచింది. “రెండో విడత ఎప్పుడు సార్?”

“మొదటి విడత సంపూర్ణమైన పిమ్మట.”

“మొదటిదెప్పుడు సంపూర్ణమౌద్ది సార్?”

“ప్రతి ఉపాధ్యాయుడును స్వహస్తములతో ఒక మం.పా.ను మాపనము చేసిన పిమ్మట. కూర్చొనుడు.”

తరవాత మాపనానికి, అంటే కొలతకి, పరికరాలు పంచారు. నొక్కితే పరిగెత్తి, నొక్కితే ఆగే గడియారం. నోరెంత తెరుచుకుందో కొలిచే ఇత్తడి కొలబద్ద. పిల్ల నిట్టూరిస్తే తిరిగే రేకు గిలక. తల గోక్కున్నప్పుడల్లా కొట్టడానికి చిన్న గంట. టీచర్లందరూ మధ్యాహ్నం దాకా ఒకరి మీద ఒకరు నిట్టూర్చి గిలకలు తిప్పుకున్నారు. ఎంతో విజ్ఞానదాయకంగా గడిచింది.

సాయంత్రానికి అసలు ప్రశ్న వచ్చింది. “మీ మీ పాఠశాలలలో మం.పా.లు గలవారు చేతులెత్తుడు.”

షామియానాలో ఒక్క చెయ్యీ లేవలేదు. ఎందుకు లేస్తుంది? చదవలేని పిల్లలున్నారంటే టీచరుకే మచ్చ అని అందరికీ భయం. ప్రతి బడిలోనూ అలాంటివాళ్లు ఉన్నారు. పొడుగు పిల్లల వెనక కూర్చుని, మేస్టారు చూస్తే పెదవులు కదుపుతూ ఉన్నారు. ఉన్నారని ఒక్కరూ చెప్పలేదు.

నూకరత్నం చెయ్యెత్తింది.

పక్కనున్న దాలినాయుడు మాస్టారు ఆవిడ చెంగు లాగాడు. “చెయ్యి దించండి మేడమ్! మా బడిలో లేరేటి? ఉంటే మాత్రం ఉన్నారని చెప్పుకుంటామా?”

“ఉన్న పిల్లని లేదని ఎలాగంటాను మాస్టారూ? మా తవిటి ఉంది సార్!”

విరూపాక్షరావుగారు కుర్చీలోంచి లేచి, గుండె మీద చెయ్యి వేసుకున్నారు. “ఒక్కరు! మండలమంతటికిని ఒకే ఒక్క మం.పా.! అమ్మా, ఆ బాలిక ఇక మీ బాలిక కాదు. మండల సంపద!”

మర్నాడే కందివలసకి జీపొచ్చింది. తవిటమ్మకి బంతిపూల దండ వేసి, గొడుగు పట్టి ఎక్కించారు. మామ్మని ‘మం.పా. సంరక్షకురాలు’ అని ఎక్కించారు. మామ్మ దండ వాసన చూసి, “ఓలమ్మ, సదువు రాకపోతేనే ఇంత మరియాదా! నాకసలే రాదు కదా బాబూ, మరి నాకు దండేదీ?” అని డ్రైవర్ని నిలదీసింది. నూకరత్నం తోడుగా ఎక్కుతూ అంది, “దారిలో కాస్త గుణింతాలు చెప్పుకుంటాంలెండి సార్.”

“నిషేధము!” అన్నారు విరూపాక్షరావుగారు. “మాపనము ముగియక మునుపే బాలికకు చదువు వచ్చినచో తక్కిన ఉపాధ్యాయులు ఎవరిని మాపనము చేయవలెను? వారి గతి ఏమి? ఈ బాలికకు ఉపాధ్యాయులెవ్వరును ఒక్క అక్షరమైనను బోధించరాదు.”

ఆ మాటకి నూకరత్నం నోరు ఎంతలా తెరుచుకుందంటే, జీపుతో వచ్చిన దాలినాయుడు మాస్టారు అలవాటుగా ఇత్తడి కొలబద్ద తీశాడు.

అలా జీపు బడి నుంచి బడికి తిరగడం మొదలెట్టింది. దిగగానే హారతి. టీచర్లు వరసలో నిలబడి తవిటమ్మ చేత చదివించేవారు. ఆ పిల్ల ఆగితే గడియారం నొక్కి, “ఆహా!” అనేవారు. నిట్టూరిస్తే గిలక చూసి చప్పట్లు. తల గోక్కుంటే గంట. అయ్యాక ఒక బెల్లం ముక్క. ‘ఇక్కడెందుకు ఆగావమ్మా’ అని అడిగినవాడు లేడు. అది రెండో విడత.

నాలుగూళ్లు తిరిగేసరికి కొంప మునిగింది. జీపు ఒక కొట్టు ముందు ఆగితే, తవిటమ్మ తల బయటికి పెట్టి, పైనున్న బోర్డు చూసి, “టీ” అంది.

“దాహమేమో,” అన్నాడు డ్రైవరు.

“కాదన్నా. అక్కడ రాసుంది. టీ.”

ఆ మాట గంటలో రాయిపాలెం చేరింది. అత్యవసర సమావేశం పెట్టారు. విరూపాక్షరావుగారి మొహం వెల్లవేసిన గోడలా అయిపోయింది. “పరిసరములందు విచ్చలవిడిగా ప్రబలియున్న అక్షరముల వలన మం.పా. చెడిపోవుచున్నది. తక్షణము అక్షర కాలుష్య నివారణ చేపట్టవలెను!”

గోనెసంచుల మిల్లు రేయింబవళ్లు ఆడింది. కొట్ల బోర్డులకి గోనె. గోడల మీది రాతలకి సున్నం. మైలురాళ్లకి గోనె టోపీలు. మందుల కొట్టుకి గోనె, ఎరువుల కొట్టుకి గోనె, పోస్టాఫీసుకైతే మొత్తం బిల్డింగుకే గోనె. చేతి మీద పెళ్లాం పేరు పచ్చబొట్టు పొడిపించుకున్న మగాళ్లందరూ కట్టు కట్టుకుని తిరగాలన్నారు. రెండు పేర్లు పొడిపించుకున్నవాళ్లు సంతోషంగా కట్టుకున్నారు.

చివరికి బస్సుల బోర్డులకీ గోనె కప్పారు.

ఇక చూడండి మండలం వైభోగం! దగ్గుమందనుకుని తలనూనె తాగిన సూరప్పడికి దగ్గు తగ్గలేదు గాని, మాట భలే నున్నగా వచ్చేది. ఒక పెళ్లివారు ఏదో ఊళ్లో దిగి, పెద్దకర్మ భోజనాల్లో కూర్చుని, వంకాయ కూర బాగుందని మెచ్చుకుని, ఆ ఇంటివాళ్లకి పిల్లాపాపలతో చల్లగా ఉండండని దీవించి వచ్చారు. కండక్టర్లు ఊరి పేరు పిలవడం మానేసి, “ఎక్కండి, ఎక్కండి! ఎక్కడికో అక్కడికి ఎల్తాది!” అని కేకలెట్టేవారు. ఒక్క మం.పా. చెడకుండా ఉండడానికి మండలం మొత్తం మం.పా. అయిపోయింది.

జీపులో సన్నాసమ్మ కొంగుతో కళ్లు వత్తుకుంది. “టీచరమ్మా, బోర్డులకే గోనె కప్పీసినారు. ఇంక నా మనవరాలు సదివేదేటి, నాను మనవణ్ని సూసీదేటి? ఆడికి పళ్లొచ్చి, ఊడిపోయి, నాలాగ బోసినోరయ్యాక సూస్తానేటి?”

నూకరత్నానికి గుండెలో ఇటుక పడ్డట్టయింది. తానే కదా చెయ్యెత్తింది. దాలినాయుడు చెప్పినట్టు దించేసి ఉంటే, పిల్ల ఈపాటికి బడి వరండా మెట్టు మీద కూర్చుని చదివేసేది. అలా ఆలోచిస్తూ వెనక్కి వాలింది. నడుముకి ఏదో గుచ్చుకుంది. చూస్తే పుస్తకాల కట్టలు. శిక్షణ కరదీపికలు. చదవలేని పిల్లలకి సాయం చెయ్యడమెలాగో రాసిన పుస్తకాలు. తాళ్లు కూడా విప్పలేదు. వాటిని ఎవరైనా చదువుతారన్న అనుమానం ఎవరికీ రాలేదు కాబట్టి, మండలం మొత్తం మీద గోనె కప్పని అక్షరాలు అవొక్కటే.

ఆవిడ విరూపాక్షరావుగారి నిషేధాన్ని మనసులో మళ్లీ చెప్పుకుంది. ‘బాలికకు ఉపాధ్యాయులు బోధించరాదు.’ మరి ఉపాధ్యాయులకి బాలిక బోధించొచ్చా? ఆ ఊసే లేదు!

తాడు విప్పింది. పుస్తకం తవిటమ్మ ఒళ్లో పెట్టి, గడియారం చేతికిచ్చింది. “తవిటీ, నాకు చదువు మర్చిపోయినట్టుందే. నాను చదువుతాను, తప్పొస్తే నొక్కు,” అని గొంతు సవరించుకుంది. “మం… మంచం…”

తవిటమ్మ పక్కున నవ్వి, టిక్కుమని నొక్కింది. “మంచం కాదు టీచర్! సరిగ్గా సూడండి.”

“మరేటి?”

“మం… ద… గ… మ… న.”

“అబ్బ, నిజమే! ఈ కిందున్నది నాకస్సలు రావట్లేదు. కాస్త నువ్వే వేలు పెట్టి చూపించవే తల్లీ.”

తవిటమ్మ వేలు పెట్టింది. ఆగింది. టీచరమ్మ కూడా ఆగింది. జీపు గుంటల్లో ఎగిరింది.  పిల్ల మెల్లగా ఒత్తు దాటింది.

టీచరు తప్పు పట్టుకోవడంలో ఉన్న రుచి బెల్లంలో ఎక్కడిది? తవిటమ్మ పొద్దస్తమానం నొక్కుతూనే ఉంది. ఆ కరదీపికలో మాటలు మామూలువి కావు, ఒక్కో మాట రైలుబండంత. ‘పఠనసామర్థ్యమాపనోపకరణప్రయోగవిధానము’ అని ఒక మాట పేజీ ఈ చివర మొదలై ఆ చివర గుద్దుకునేది. అలాంటివి నమిలిన నోటికి ఊళ్ల పేర్లు ఒక లెక్కా?

ఒక రోజు విరూపాక్షరావుగారు జీపు తెర తీసి చూశారు. నూకరత్నం తడబడుతోంది, తవిటమ్మ గడియారం నొక్కుతోంది. “ఏమిది?”

నూకరత్నం తొణకలేదు. “మం.పా. కష్టమెలాగుంటాదో నా ఒంటికే తెలియాలని అభ్యాసం చేస్తన్నాను సార్.”

ఆయన కళ్లు చెమర్చాయి. “స్వానుభవాత్మక మాపనాభ్యాసము! ఆహా! ఉపాధ్యాయులందరును ఇది తక్షణము ఆచరించవలెను!”

ఆచరించారు. ప్రతి బడిలోనూ మాస్టర్లు జీపులోంచి పంచిన కరదీపిక తెరిచి, పిల్లల ముందు నిలబడి తప్పులు చదవసాగారు. కొందరు నటించారు, కొందరికి నటించే అవసరం రాలేదు. పొడుగు పిల్లల వెనక దాక్కున్న పిల్లలు ముందు తలలు పైకెత్తారు, తరవాత మెడలు చాచారు, ఆ తరవాత లేచి ముందుకొచ్చేశారు. దాలినాయుడు మాస్టారు తన బడిలో ఒక మాట తప్పు చదివితే, ఏడాదంతా నోరు విప్పని కుర్రది “తప్పు!” అని అరిచిన అరుపుకి ఆయన కళ్లజోడు జారింది. ఆయన ఆ పిల్లని చూసి, కళ్లజోడు తుడుచుకుని, “మరెలాగో చెప్పమ్మా,” అన్నాడు. ఆ రోజు గిలక తియ్యడం మర్చిపోయాడు.

చివరికి ముగింపు ఉత్సవం వచ్చింది. మండల ఏకైక మం.పా.ని కళ్లారా చూడడానికి రాజధాని నుంచి మహా సంచాలకులుగారు బయల్దేరారు. మైలురాళ్లకి గోనె టోపీలు కదా, ఆయన కారు ముందు ఒక చేపల సంతకి వెళ్లింది, తరవాత ఒక బారసాలకి వెళ్లింది. అక్కడివాళ్లు పెద్దమనిషి వచ్చాడని ఆయన చేత పిల్లాడి చెవిలో పేరు చెప్పించారు. సాయంత్రం పాలమరకల చొక్కాతో రాయిపాలెం చేరారు.

తవిటమ్మని వేదిక ఎక్కించారు. విరూపాక్షరావుగారు మైకు ముందు, “ఇప్పుడు మన మం.పా. తన మందగమనమును ప్రదర్శించును!” అన్నారు. టీచర్లందరూ గడియారాల మీద వేళ్లు పెట్టారు. నూకరత్నం కిందనుంచి చూస్తోంది. పిల్ల బాగా చదివితే పరువు పోయేది ఆయనది. చదవకపోతే మళ్లీ రేపు జీపు. ఏం చెయ్యమనీ ఆవిడ చెప్పలేదు.

అప్పుడే షామియానా ముందున్న రోడ్డు మీద బస్సొచ్చి ఆగింది. ఎక్కడికెళ్లాలో డ్రైవరుకే గుర్తులేక ఆగింది. గాలి విసురుగా వీచి, బోర్డు మీది గోనె ఎగిరిపోయింది.

తవిటమ్మ మైకులోనే చదివింది. “పూ… స… పాడు. పూసపాడు! మామ్మా! మన బస్సు!”

“సరిగ్గా సదివినావేటే?” కిందనుంచి అరిచింది సన్నాసమ్మ.

“సదివినాను! కింద ‘ఎక్స్‌ప్రెస్’ అని కూడా ఉంది! రా మామ్మా!”

దండతో సహా వేదిక మీంచి దూకింది. మామ్మ మూట చంకనెట్టి, చీర ఎగదోపి, తూనీగలా పరిగెత్తింది. వెనక నూకరత్నం. ఆవిడ వెనక విరూపాక్షరావుగారు, “ఆపుడు! ఆపుడు! మం.పా. పోవుచున్నది! ఇంకను మాపనము చేయవలసిన ఉపాధ్యాయులు గలరు!” అంటూ. ఆయన వెనక గిలకలు తిరుగుతూ, గంటలు మోగుతూ టీచర్లు. అందరూ ఎక్కేశారు. మహా సంచాలకులుగారు కూడా ఫుట్‌బోర్డు పట్టుకున్నారు. “పొద్దున్నుంచి చూస్తున్నాను. ఎక్కడికి వెళ్తుందో తెలిసిన బండి ఇదొక్కటే,” అన్నారాయన.

పూసపాడు బట్టీ దగ్గర బస్సు మొత్తం దిగింది. ఇటుక దుమ్ములో నిలబడ్డ తవిటమ్మ తల్లి, చంకలో పిల్లాడితో, దండ వేసుకున్న కూతుర్నీ వెనకున్న సర్కారునీ చూసి బిత్తరపోయింది. “ఎలాగొచ్చినారే?”

“నాను బోర్డు సదివినానమ్మా!”

మామ్మ ముందు కోడల్ని పలకరించలేదు. మనవడి నోట్లో వేలెట్టి, ఈ చివర నుంచి ఆ చివరకి తడిమింది.  “లేవు!” అని అరిచింది. “ఒక్క పన్నూ లేదు టీచరమ్మా! నీ మాట నిలబడింది!”

నూకరత్నం ఇటుకల దొంతర మీద కూలబడి, నవ్వుతూ కళ్లు తుడుచుకుంది.

విరూపాక్షరావుగారు మాత్రం ఆ బోసినోటికేసే చూస్తున్నారు. మెల్లగా ఇత్తడి కొలబద్ద తీశారు. “అమ్మా, ఈ శిశువుకు చదువు వచ్చునా?”

“ఏ సదువు బాబూ? పాలే సరిగ్గా తాగడు.”

“శుభము! దీర్ఘకాలిక మం.పా. లభించెను! జీపు తెప్పించుడు!”

పిల్లాడు ఆ కొలబద్ద మీద ఉచ్చ పోశాడు.

“అక్కర్లేదు సార్,” అని ఒక గొంతు వినిపించింది. దాలినాయుడు మాస్టారు. చెయ్యి పైకెత్తి నిలబడ్డాడు. “మా బడిలో ఉన్నారు. అప్పుడూ ఉన్నారు. చెప్పడానికి సిగ్గేసింది. కొంతమంది ఇప్పుడిప్పుడే అందుకుంటున్నారు.” ఆయన పక్కన ఇంకో చెయ్యి లేచింది. దాని వెనక ఇంకోటి. బట్టీ పొగలో చేతులే చేతులు.

నూకరత్నం లేచింది. “అయితే రెండో విడత మొదలెడదామా సార్? పెద్ద పనేమీ లేదు. వెనక కూర్చున్నవాళ్లని ముందుకి తెచ్చుకోవడమే.”

విరూపాక్షరావుగారు మహా సంచాలకులుగారి వైపు చూశారు. ఆయన చొక్కా దులుపుకుంటూ, “ఏ విడతైనా పెట్టుకోండి. ముందు ఆ గోనెలు పీకించండి. నేను ఇంటికెళ్లాలి,” అన్నారు.

మర్నాడు రాయిపాలెం బస్టాండులో కూలీలు నిచ్చెనలు వేసి గోనెలు దించుతున్నారు. బోర్డులన్నీ ఎండలో మెరుస్తున్నాయి. తవిటమ్మ కింద నిలబడి, దించిన బోర్డు దించినట్టే చదివేస్తోంది, జనం చప్పట్లు కొడుతున్నారు. ఒక కూలీ గోనె తీసి దులపబోతుంటే, చుట్ట కాలుస్తూ చూస్తున్న పెంటయ్య తాత కంగారుగా అడ్డంపడ్డాడు.

“ఆగరా ఆగు, దులిపీకు! ఇన్నాళ్లూ బోర్డుని అంటుకునున్నాది, లోపల ఎన్నక్షరాలు పట్టుంటాయో! ఆ సంచి ఇటియ్యి, మా మనవడికి నానబెట్టి పొద్దున్నే గ్లాసుడు తాపిస్తాను!”